ఎన్‌క్రిప్షన్ ఏ ఫోల్డర్లో ఉంది?

వేరే ఊళ్లో ఉన్న కంప్యూటర్‌ని మన బల్ల దగ్గర కూర్చుని నడిపించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడా రోజూ వాడే పనిముట్టు. రక్తపరీక్షల ల్యాబు, మందుల హోల్‌సేల్ దుకాణం, రైసు మిల్లు ఆఫీసు, ఆడిటర్ గారి గది, ఎక్కడ కంప్యూటర్ మొరాయించినా పక్క ఊరి సర్వీసు మనిషి దాని తెర తన ముందు తెరుచుకుని సరిచేస్తాడు. ఆ తెర మీద రోగుల పేర్లుంటాయి, రిపోర్టులుంటాయి, బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్న వేళ్ల కదలికలూ ఉంటాయి. వాటిని దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది ఎన్‌క్రిప్షన్. అల్ట్రావిఎన్‌సి లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పని చేసేది ప్లగిన్ అనే చిన్న ఫైలు. ఆ ఫైలు ఏ ఫోల్డర్లో ఉండాలి, ఆ ఫోల్డర్ మీద ఎవరికి ఎంత హక్కు ఉండాలి అన్నదాని మీద జరిగిన సంవాదం ఇది. మామయ్య గుంటూరు కొత్తపేటలోని ల్యాబులకు, తెనాలి, పొన్నూరు, రేపల్లెల్లోని వాటి కలెక్షన్ సెంటర్లకు కంప్యూటర్ సర్వీసు చేస్తాడు. మేనకోడలు హైదరాబాదులో సెక్యూరిటీ ఆడిటర్.

మేనకోడలు: మామయ్యా, మీ ల్యాబుల్లో అల్ట్రావిఎన్‌సి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో లేదు. డి డ్రైవ్‌లో మీరు చేసిన సొంత ఫోల్డర్లో ఉంది. ఎన్‌క్రిప్షన్ ప్లగినూ, కీ ఫైలూ కూడా అందులోనే ఉన్నాయి. ఇన్‌స్టాలర్ తనంతట తాను చూపించే చోటు వదిలేసి అక్కడెందుకు పెట్టారు?

మామయ్య: దానికి కారణాలున్నాయమ్మా. మొదటిది, ల్యాబు కంప్యూటర్లలో విండోస్ పాడైతే సి డ్రైవ్ ఫార్మాట్ చేయక తప్పదు. డి డ్రైవ్‌లో ఉంటే సెట్టింగులు, కీ, ప్లగిన్ అన్నీ అలాగే ఉంటాయి. సర్వీసు మళ్లీ రిజిస్టర్ చేస్తే చాలు. రెండోది, అన్ని ఊళ్లలోనూ ఒకటే ఫోల్డర్, ఒకటే పేరు. ఫోన్లో ఆపరేటర్ అమ్మాయికి దారి చెప్పడం తేలిక. మూడోది నీకు తెలిసిందే. విస్టా వచ్చిన దగ్గర్నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి మామూలు యూజర్‌కి హక్కు లేదు. పాత 32 బిట్ ప్రోగ్రాములు అక్కడ రాయబోతే, విండోస్ ఆ రాతని చడీచప్పుడు లేకుండా వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్లోకి మళ్లిస్తుంది. మనం సెట్టింగు మార్చామనే అనుకుంటాం. సర్వీసు మాత్రం అసలు ఫోల్డర్లోని పాత ఫైలునే చదువుతుంటుంది. ప్లగిన్ ఆన్ చేశామనుకుని అది లేకుండానే నడిపే ప్రమాదం అక్కడే ఉంది. సొంత ఫోల్డరైతే రాసింది రాసినచోటే ఉంటుంది.

మేనకోడలు: మూడో కారణం నిజమే. కానీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయనివ్వకపోవడాన్ని మీరు అడ్డంకిగా చూస్తున్నారు. నాకది కాపలా. ఎందుకో చెప్పేముందు ఒకటి అడుగుతాను. అసలు ప్లగిన్ ఎందుకు పెట్టారు? పాస్‌వర్డ్ ఉంది కదా అని చాలామంది వదిలేస్తారు.

మామయ్య: విఎన్‌సి పుట్టుక తెలిసినవాడు అలా వదలడు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఆలివెట్టి, ఒరాకిల్ కంపెనీల పరిశోధనశాలలో అది తయారైంది. తర్వాత ఆ ల్యాబు ఏటీ అండ్ టీ చేతికి వెళ్లి 2002లో మూతపడింది. ఒకే నెట్‌వర్క్‌లో ఒకరినొకరు ఎరిగినవాళ్లు వాడుకునే పనిముట్టుగా అది మొదలైంది. దాని పాత పాస్‌వర్డ్ పద్ధతిలో మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కలోకి వస్తాయి, మిగతావి ఎన్ని కొట్టినా వృథా. సర్వర్ 16 బైట్ల సవాలు పంపుతుంది, వ్యూయర్ దాన్ని పాస్‌వర్డ్‌తో డీఈఎస్ పద్ధతిలో మార్చి తిప్పి పంపుతుంది. అంతవరకే రహస్యం. లోపలికి అడుగు పెట్టాక తెర మీది బొమ్మ, మౌసు, నొక్కిన ప్రతి మీటా బట్టబయలుగానే వెళ్తాయి.

మేనకోడలు: ఆ సవాలూ జవాబూ దారిలో పట్టుకున్నవాడు తన కంప్యూటర్లో తీరిగ్గా పాస్‌వర్డ్ వెతుక్కోవచ్చు. డీఈఎస్ కీ 56 బిట్లే. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ కట్టిన యంత్రం దాన్ని మూడు రోజులు తిరక్కుండానే ఛేదించింది. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్‌కి అంత యంత్రం కూడా అక్కర్లేదు. సరే, ప్లగిన్ కావాలనడంలో మనకి తేడా లేదు. తేడా అది ఉన్న చోటు దగ్గరే. మామయ్యా, ఆ ప్లగిన్ అసలు ఏమిటి?

మామయ్య: పేరు చివర డీఎస్ఎమ్ అని ఉంటుంది. లోపల మాత్రం మామూలు డీఎల్ఎల్ ఫైలే. ప్రోగ్రాం మొదలవగానే దాన్ని తనలో కలుపుకుంటుంది. బయటికి పోయే ప్రతి బైటూ దాని చేతిమీదుగా వెళ్తుంది.

మేనకోడలు: ఆ సర్వీసు విండోస్‌లో ఏ ఖాతా కింద నడుస్తుంది?

మామయ్య: లోకల్ సిస్టమ్.

మేనకోడలు: అంటే ఆ కంప్యూటర్ మీద అన్ని అధికారాలూ ఉన్న ఖాతా. ఇప్పుడు మీ డి డ్రైవ్ ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి సెక్యూరిటీ ట్యాబ్ చూడండి. డ్రైవ్ మొదట్లో చేసిన ఫోల్డర్‌కి ఆ డ్రైవ్ హక్కులే వారసత్వంగా వస్తాయి. విండోస్ మామూలుగా ఇచ్చే హక్కుల ప్రకారం లాగిన్ అయిన ఏ యూజరైనా అందులోని ఫైళ్లు మార్చొచ్చు, చెరపొచ్చు, కొత్తవి పెట్టొచ్చు. సి డ్రైవ్ మొదట్లో చేసిన ఫోల్డర్‌కీ ఇదే వర్తిస్తుంది. ఇక ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసిన డ్రైవ్ అయితే హక్కులు రాసుకునే చోటే ఉండదు. కౌంటర్లో కూర్చునే కుర్రాడి ఖాతాలోకి ఒక వైరస్ వచ్చిందనుకోండి. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. మీ ప్లగిన్ చోట అదే పేరుతో తన ఫైలు పెడుతుంది. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయగానే మీ సర్వీసే దాన్ని పిలిచి, సిస్టమ్ అధికారం చేతికిస్తుంది. ఇనప బీరువాకి మంచి తాళం వేసి, వెనకవైపు రేకు ఊడదీసి పెట్టినట్టయింది.

మామయ్య: ప్లగినే అక్కర్లేదు, అసలు ఈఎక్స్ఈ ఫైలునే మార్చేయొచ్చు కదా ఆ లెక్కన.

మేనకోడలు: మార్చొచ్చు. అందుకే ఇది ప్లగిన్ ఒక్కదాని గొడవ కాదు, ఫోల్డర్ గొడవ. పైగా అక్కడున్న కీ ఫైలు చదవగలిగితే ఎన్‌క్రిప్షన్ పోయినట్టే. సెట్టింగుల ఐఎన్ఐ ఫైల్లో విఎన్‌సి పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. అది చూడ్డానికి గజిబిజిగా కనిపిస్తుంది గానీ, లోకమంతా ఎరిగిన ఒకే ఒక్క స్థిరమైన కీతో మార్చి రాసిందే. ఆ ఫైలు చదవగలిగినవాడికి పాస్‌వర్డ్ తెలిసిపోయినట్టే లెక్క.

మామయ్య: ఇక్కడ నా మాట కూడా విను. అందరికీ తెలిసిన చోట పెడితే దాడిచేసే ప్రోగ్రాములు ముందు అక్కడే వెతుకుతాయి. నేను పెట్టిన ఫోల్డర్ పేరు వాటికి తెలీదు. పోర్టు కూడా 5900 కాకుండా వేరేది ఇచ్చాను. ఇది కొంత మేలే కదా?

మేనకోడలు: లాగుల్లో చెత్త తగ్గుతుంది, ఆ మేరకు మేలే. భద్రత మాత్రం పెరగదు. సర్వీసు ఎక్కడ ఉందో సర్వీసుల పట్టికలోనే రాసి ఉంటుంది. కంప్యూటర్లోకి వచ్చిన ఏ ప్రోగ్రామైనా దాన్ని అడిగి తెలుసుకోవచ్చు. పోర్టు మార్చినా, అటువైపు కనెక్ట్ అయిన ఎవరికైనా విఎన్‌సి తన పేరు తనే చెప్పుకుంటుంది. ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే ఫ్రెంచి సైన్యం సంకేతలిపుల గురించి రాస్తూ తేల్చాడు: పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు, కీ ఒక్కటి దాగి ఉంటే చాలు. మీరు దారి దాచారు, కీ బయట పెట్టారు.

మామయ్య: సరే, నీ అభ్యంతరం హక్కుల మీద. చోటు మీద కాదుగా? హక్కులు సరిచేస్తే డి డ్రైవ్‌లో ఉన్నా తప్పులేదు.

మేనకోడలు: ఎలా సరిచేస్తారో చెప్పండి.

మామయ్య: ముందు ఆ ఫోల్డర్‌కి పైనుంచి వచ్చే వారసత్వం తెంచుతాను. సెక్యూరిటీ ట్యాబ్‌లోనైనా చేయొచ్చు, ఐసీఏసీఎల్ఎస్ కమాండ్‌తోనైనా చేయొచ్చు. తర్వాత సిస్టమ్‌కీ అడ్మినిస్ట్రేటర్లకీ పూర్తి హక్కు ఇస్తాను. మామూలు యూజర్లకి ప్రోగ్రాం నడిపే హక్కు, చదివే హక్కు వరకే. కీ ఫైలూ ఐఎన్ఐ ఫైలూ సర్వర్ వైపు వాళ్లు చదవక్కర్లేదు, ఎందుకంటే సర్వీసు సిస్టమ్ ఖాతాతో చదువుకుంటుంది. ఆ రెండింటికీ యూజర్ల పేరే తీసేస్తాను. ఫోల్డర్ యజమాని ఎవరో కూడా చూడాలి. ఆపరేటర్ ఖాతాతో చేసిన ఫోల్డరైతే యజమాని హోదాలో ఆ ఖాతా హక్కులు మళ్లీ మార్చేసుకోగలదు.

మేనకోడలు: ఆ చివరి మాట చాలామంది మరిచిపోతారు. ఒకటి కలుపుకోండి. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు ఉంటే, సర్వీసు పట్టికలోని దారికి రెండు వైపులా కొటేషన్ గుర్తులు ఉండాలి. లేకపోతే విండోస్ ఖాళీ దగ్గర ఆగి, అక్కడివరకు ఉన్న ముక్క పేరుతో ఏదైనా ప్రోగ్రాం ఉందేమోనని చూస్తుంది. అలాంటి చోట రాసే హక్కు ఉన్నవాడు తన ప్రోగ్రాం పెట్టి సర్వీసు చేతే నడిపించుకోగలడు.

మామయ్య: అందుకే నా ఫోల్డర్ల పేర్లలో ఖాళీలుండవు. నీ ఆడిట్ కాగితంలో ఉండని సంగతులు మరికొన్ని చెప్తాను, ఫీల్డులో ప్లగిన్ పనిచేయకపోవడానికి అసలు కారణాలు ఇవే. ప్లగిన్ ఫైలు ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోనే ఉండాలి. సర్వర్ వైపు సర్వర్ ప్రోగ్రాం పక్కన, నా వైపు వ్యూయర్ పక్కన, రెండు చోట్లా అదే ప్లగిన్. 64 బిట్ ప్రోగ్రాంకి 64 బిట్ ప్లగినే కావాలి. 32 బిట్ డీఎల్ఎల్‌ని అది తనలో కలుపుకోలేదు. ఐఎన్ఐ ఫైల్లో ప్లగిన్ వాడాలి అన్న వరస ఒకటి, ఏ ప్లగిన్ అన్న వరస ఇంకొకటి ఉంటాయి. మొదటిది ఒకటి అని ఉండి, రెండోదాంట్లో పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా పని జరగదు. ప్రోగ్రాంని జెడ్ డ్రైవ్ లాంటి నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టారనుకో, యూజర్‌కి కనిపించే ఆ డ్రైవ్ అక్షరం సర్వీసుకి కనిపించదు. ఆ అక్షరం ఆ యూజర్ లాగిన్‌కే చెందింది.

మేనకోడలు: ఒకే కంప్యూటర్లో రెండు ఇన్‌స్టాలేషన్లు ఉన్నప్పుడో?

మామయ్య: అదే అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఎవరో కొత్త వెర్షన్ దించి నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుతారు. అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్తుంది. మన ప్లగిన్ డి డ్రైవ్‌లో ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్న సర్వీసు ఏ దారిలోది? సర్వీసుల జాబితా తెరిచి, దాని ప్రాపర్టీస్‌లో ప్రోగ్రాం దారి చదవకుండా ఎవరూ చెప్పలేరు. నేను ఏ కంప్యూటర్ ముట్టుకున్నా ముందు చూసేది ఆ వరసే.

మేనకోడలు: దాన్నే నేను వాదనగా తీసుకుంటాను మామయ్యా. ఇన్‌స్టాలర్ చూపించిన చోట వదిలేసి ఉంటే ఈ రెండో కాపీ గొడవే ఉండేది కాదు. అక్కడి హక్కులు విండోసే సరిగా పెట్టి ఉంచుతుంది. మీరు డి డ్రైవ్ ఎంచుకోవడం వల్ల ఆ పని ప్రతి కంప్యూటర్లోనూ మీ మీద పడింది. పదో కంప్యూటర్ దగ్గర మనిషి అలసిపోతాడు. హక్కులు బిగించకుండానే ప్లగిన్ పెట్టేసి వెళ్లిపోతాడు. ప్లగిన్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఆ లోపం ఎవరి కంటా పడదు.

మామయ్య: అలసట మాట నిజం. దానికి జవాబు స్క్రిప్టు. ఫోల్డర్ చేయడం, హక్కులు బిగించడం, ప్లగిన్ కాపీ చేయడం, సర్వీసు పెట్టడం, దారి సరిచూడడం, అన్నీ ఒకే ఫైలు నుంచి ఆ వరసలోనే జరగాలి. హక్కుల మెట్టు దాటకుండా ప్లగిన్ మెట్టుకి వెళ్లనివ్వకూడదు. చేత్తో చేసేవాడు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే పెట్టుకోవాలి. ఆ మేరకు నీ మాట ఒప్పుకుంటాను.

మేనకోడలు: ఇక కీ సంగతి. మీ ఫోల్డర్లో ఉన్నది ఆర్‌సీ4 ప్లగిన్. ఒక కీ ఫైలు తయారుచేసి అన్ని ఊళ్లలోనూ అదే పెట్టారు. రేపల్లెలో ఒక పాత కంప్యూటర్‌ని హార్డ్‌డిస్కు తీయకుండా తుక్కుకి అమ్మితే తెనాలి, పొన్నూరు, గుంటూరు అన్నీ దానితోపాటు పోతాయి. రేపటి సంభాషణలే కాదు, నిన్నటివి ఎవరైనా రికార్డు చేసి ఉంచుకుంటే అవి కూడా తెరుచుకుంటాయి. ఆర్‌సీ4 పద్ధతికే ఆయుష్షు తీరిపోయింది. రాన్ రివెస్ట్ 1987లో చేసిన ఆ పద్ధతిలో లోపాలు బయటపడుతూ వచ్చాయి. వైఫై తొలి రక్షణ అయిన వెప్ 2001లో కూలింది దానిమీదే. 2015లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ టీఎల్ఎస్‌లో ఆర్‌సీ4ని పూర్తిగా నిషేధించింది.

మామయ్య: అది పాత కంప్యూటర్లలో తేలిగ్గా నడిచేది, అందుకే పెట్టాను. ఇప్పుడు సెక్యూర్‌విఎన్‌సి ప్లగిన్‌కి మారుస్తున్నాను. అందులో ప్రతి కనెక్షన్‌కీ కొత్త కీ పుడుతుంది. ఆర్ఎస్ఏ 2048 బిట్లు, ఏఈఎస్ 256 బిట్లు. ఊరూరా ఒకే కీ ఫైలు మోసుకెళ్లే పని ఉండదు.

మేనకోడలు: మంచిదే, కానీ ఒక మెలిక ఉంది. కీలు తమంతట తాము మార్చుకునే ఏ పద్ధతిలోనైనా అవతలి మనిషి ఎవరో తేల్చుకోకపోతే దారిలో చాటుగా వినేవాడినే ఆపగలం. మధ్యలో కూర్చుని మీతో ఒక కీ, ల్యాబుతో ఒక కీ మార్చుకునేవాడిని ఆపలేం. ఆ ప్లగిన్‌లో క్లయింట్ కీ జత తయారుచేసే ఏర్పాటు ఉంది, అది వాడండి. రహస్య కీ మీ వ్యూయర్ దగ్గర, దాని బహిరంగ జత ల్యాబు సర్వర్ దగ్గర ఉండాలి. అప్పుడు తుక్కుకి పోయిన కంప్యూటర్లో దొరికే బహిరంగ కీతో ఎవరూ ఇంకో ల్యాబులోకి రాలేరు.

మామయ్య: ఒక్కో ల్యాబుకి ఒక్కో జత చేస్తాను. అప్పుడు ఒక ల్యాబుతో ఒప్పందం అయిపోతే ఆ ఒక్క జత చెరిపేస్తే సరిపోతుంది. మిగతావాటిని కదిలించక్కర్లేదు.

మేనకోడలు: మీ ల్యాప్‌టాప్ మాటేమిటి? రహస్య కీలన్నీ ఇప్పుడు అందులో ఉంటాయి.

మామయ్య: దాని డిస్కు మొత్తం బిట్‌లాకర్‌తో బిగించి ఉంది. వ్యూయర్ ఫోల్డర్ నా ఖాతాకి తప్ప ఎవరికీ తెరుచుకోదు. ఇంట్లో పిల్లల ఆటలకి వేరే కంప్యూటర్ ఉంది.

మేనకోడలు: ఇంత చేసినా నేను ప్లగిన్ దారి కన్నా సొరంగం దారే మేలంటాను. సర్వర్‌ని లూప్‌బ్యాక్ కనెక్షన్లే, అంటే అదే కంప్యూటర్ లోపలి నుంచి వచ్చేవే, ఒప్పుకునేలా పెట్టి, బయటి నుంచి వచ్చేవాళ్లని ఓపెన్ఎస్ఎస్‌హెచ్ టనెల్ గుండానో వీపీఎన్ గుండానో రప్పించాలి. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ 2018 నుంచి విండోస్ 10తోనే వస్తోంది. లోకంలో ఎన్నో సర్వర్లను దూరం నుంచి నడిపేది దానితోనే కాబట్టి ఎన్నో కళ్లు దాన్ని పరీక్షిస్తుంటాయి. అవతలి కంప్యూటర్ కీని గుర్తుపెట్టుకుని, అది మారితే ఆగి అరుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, విఎన్‌సి పోర్టే బయటికి కనిపించదు. 2019 నవంబరులో కాస్పర్‌స్కీ సంస్థ నాలుగు విఎన్‌సి అమలుల్లో 37 లోపాలు ప్రకటించింది. వాటిలో 22 అల్ట్రావిఎన్‌సివే. 2006లో రియల్‌విఎన్‌సిలో వ్యూయర్ తనంతట తాను పాస్‌వర్డ్ వద్దని చెప్తే సర్వర్ సరేనని లోపలికి రానిచ్చింది. పోర్టు బయట ఉన్నంతకాలం ఇలాంటివి తలుపు తడుతూనే ఉంటాయి.

మామయ్య: ఆ లెక్కలు నేను కాదనను. పాత వెర్షన్లు తీసేయమని చెప్పడానికి అవి చాలు. కానీ కలెక్షన్ సెంటర్లలో ఇంటర్నెట్ ఎలా వస్తుందో చూడు. చాలా చోట్ల సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. ఒకే ఐపీ వెనక కంపెనీ వందలమందిని కూర్చోబెడుతుంది. బయటి నుంచి నేను అక్కడికి వెళ్లలేను, వాళ్లే నా దగ్గరికి రావాలి. అందుకే మధ్యలో ఒక రిపీటర్ పెట్టాను. రెండు వైపుల నుంచీ వచ్చిన కనెక్షన్లని అది కలుపుతుంది. నీ సొరంగం రిపీటర్ దగ్గర ముగిస్తే ఆ మెషీన్లో తెర బొమ్మలు బట్టబయలే. అది అద్దె సర్వరైతే, దాని మీద చేయి ఉన్న ప్రతివాడూ చూస్తాడు. ప్లగిన్ అలా కాదు. ల్యాబు కంప్యూటర్లో తాళం పడితే నా వ్యూయర్లోనే తీస్తుంది. రిపీటర్ చేతికి వెళ్లేది అర్థంకాని బైట్లే.

మేనకోడలు: అది గట్టి మాటే. రిపీటర్ ఉన్నచోట ఈ చివర నుంచి ఆ చివర దాకా తాళం ఉండాల్సిందే. సొరంగాన్ని కూడా రిపీటర్ దాటించి చివరిదాకా తీసుకెళ్లొచ్చు గానీ, దానికి ప్రతి ల్యాబులోనూ ఖాతాలు, కీలు, సేవలు పెట్టాలి.

మామయ్య: వాటిని చూసుకునేది ఎవరు? సాయంత్రం ఏడింటికి ప్రింటర్ ఆగిపోయి, బయట పేషెంట్లు రిపోర్టు కోసం నిలబడి ఉంటే, ఆపరేటర్ అమ్మాయి ఒక్క గుర్తు మీద రెండుసార్లు నొక్కగలగాలి. ఆమెకి మూడు మెట్లు పెడితే, మూడో రోజుకి ఎవరో వచ్చి ఏ రక్షణా లేని ఇంకో యాప్ ఆమె చేత దించిస్తారు. వీపీఎన్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. సరిగా కట్టకపోతే అది రెండు నెట్‌వర్క్‌లనే కలిపేస్తుంది. ఆ ల్యాబులో వైరస్ ఉంటే నా ఇంటికే దారి. ప్లగిన్ తెరిచేది ఒక్క పోర్టు.

మేనకోడలు: వాడేవాళ్లకి బరువైతే ఏ రక్షణా నిలవదు, ఒప్పుకుంటున్నాను. వీపీఎన్‌లో ఎవరు ఎక్కడికి వెళ్లొచ్చో నియమాలు రాసి కట్టొచ్చు, కానీ అది రాసేవాళ్లు కావాలి. ఒకటి మాత్రం వదలను. ప్లగిన్ అంటే సిస్టమ్ అధికారంతో నడిచే పరాయి కోడ్. దాన్ని ఎక్కడ దించుకున్నారు?

మామయ్య: ప్రాజెక్టు సొంత సైటులో. ఎవరో ఫార్వర్డ్ చేసిన జిప్ ఫైలు నేను ముట్టను. ఒక మంచి కాపీ హ్యాష్ రాసి ఉంచుకుంటాను. స్క్రిప్టు ప్రతి కంప్యూటర్లోనూ ఆ హ్యాష్ సరిచూశాకే సర్వీసు మొదలుపెడుతుంది.

మేనకోడలు: అయితే నా చివరి ప్రశ్న. ప్లగిన్ లేకపోతే ఏమవుతుంది? ఫైలు చెరిగిపోయింది, యాంటీవైరస్ ఎత్తుకుపోయింది, అప్‌డేట్ కొత్త ఫోల్డర్లోకి వెళ్లింది. ఏదైనా జరగొచ్చు. అప్పుడు మీ సర్వర్ కనెక్షన్ ఆపేస్తుందా, ఎన్‌క్రిప్షన్ లేకుండానే తలుపు తెరుస్తుందా?

మామయ్య: ప్లగిన్ ఆన్‌లో ఉన్న సర్వర్‌కి, ప్లగిన్ లేని వ్యూయర్‌కి మాట కలవదు.

మేనకోడలు: ప్లగిన్ ఉన్నప్పటి మాట అది. నేను అడిగేది అది లేనప్పటి మాట. దీన్ని నమ్మకానికి వదలకూడదు, ప్రతి వెర్షన్లోనూ చేసి చూడాలి. ప్లగిన్ ఫైలు పేరు మార్చండి. సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ప్లగిన్ లేని వ్యూయర్‌తో కనెక్ట్ అవ్వండి. తెర కనిపించిందంటే ఆ కంప్యూటర్లో మీ ఎన్‌క్రిప్షన్ ఎప్పుడైనా జారిపోగలిగేది. అప్పుడు ప్లగిన్ ఫైలు లేకపోతే సర్వీసే మొదలవని కట్టుబాటు మీ స్క్రిప్టులో ఉండాలి. వైర్‌షార్క్‌తో పోర్టు మీద వెళ్లే మొదటి బైట్లు కూడా చూడండి. విఎన్‌సి పలకరింపులో ఆర్ఎఫ్‌బీ అన్న మూడక్షరాలు, వెర్షన్ అంకెలు మామూలుగా చదవగలిగేలా ఉంటాయి. ప్లగిన్ తర్వాత కూడా తెర బొమ్మల ప్యాకెట్లు అలాగే తేటగా కనిపిస్తే ఏదో తప్పింది.

మామయ్య: ఈ పరీక్ష నా స్క్రిప్టులో లేదు. దీన్ని చివరి మెట్టుగా పెడతాను. పెట్టిన రోజే కాదు, వెర్షన్ మార్చిన ప్రతిసారీ చేయాలి.

మేనకోడలు: లాగు కూడా కలపండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి, ప్రమాదం తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన రక్షణ ఏర్పాట్లు చేయనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. కలెక్షన్ సెంటర్ యజమానికి ఈ సంగతి మీరే చెప్పాలి. ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్లేది మీరే కాబట్టి.

మామయ్య: చట్టం సరే. నాకు అంతకన్నా దగ్గరిది ఇంకోటుంది. ఆ తెరల మీద వచ్చే రిపోర్టుల్లో హెచ్ఐవీ ఫలితం ఉంటుంది, గర్భం ఉందో లేదో ఉంటుంది. మా ఊళ్లలో అలాంటి మాట ఒక్కటి బయటికి వస్తే ఒక ఇల్లు కూలిపోతుంది. నేను ప్లగిన్ పెట్టింది అందుకు.

మేనకోడలు: అందుకే మీతో ఇంత పట్టుగా మాట్లాడుతున్నాను. మీరు దారిలో వెళ్లే బైట్లని కాపాడారు. వాటిని కాపాడే ఫైలు డి డ్రైవ్‌లో అందరి చేతికీ అందేలా ఉండిపోయింది.

మామయ్య: దాన్ని ఈ వారమే బిగిస్తాను. అయినా అమ్మాయ్, ప్లగిన్ వద్దు, సొరంగం ముద్దు అన్న నీ మాట మాత్రం నేను ఒప్పుకోను. రిపీటర్ ఉన్నంతకాలం చివరి నుంచి చివరికి తాళం ప్లగినే వేస్తుంది. సొంత ఫోల్డర్ కూడా వదలను.

మేనకోడలు: వదలొద్దు. పబ్లిక్ ఐపీ ఉన్న ల్యాబుల్లో మాత్రం లూప్‌బ్యాక్, సొరంగం పెట్టించే దాకా నేనూ వదలను. మీ ఫోల్డర్ మీద నా షరతు ఒక్కటే. అందులో రాసే హక్కు ఎవరెవరికి ఉందో ఒక కాగితం మీద పేర్లు రాయండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్లు అన్న రెండు మాటలతో జాబితా ముగిస్తే మీ ఎన్‌క్రిప్షన్ ఆ ఫోల్డర్లోనే ఉన్నట్టు. మూడో పేరు రాయాల్సి వస్తే, ప్లగిన్ ఎంత గట్టిదైనా అది ఆ మూడో మనిషి దయ మీద నడుస్తున్నట్టు.